నాలుగు గడుల లెక్క

ఉగాది నాడు కొత్త పంచాంగం చేతికందితే తిథివార నక్షత్రాల కంటే ముందు మన కళ్లు రాశుల పట్టిక మీదికి వెళ్తాయి. ఆ పట్టికలో ఒక్కో రాశికి నాలుగు అంకెలు ఉంటాయి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మొదటి రెండూ 14 దాటవు, తర్వాతి రెండూ 7 దాటవు. నమ్మకం ఉన్నవాళ్లు రాబడి కంటే ఖర్చు ఎక్కువ పడిందేమోనని కంగారుగా చూసుకుంటారు. నమ్మకం లేనివాళ్లూ ఎందుకైనా మంచిదని ఒకసారి చూసుకుంటారు.

ఆ నాలుగు గడులంటే నాకు గౌరవం. అంకెలను బట్టి కాదు, గడులను బట్టి. మనిషి సంవత్సరాన్ని కొలవాలంటే డబ్బు రాకపోకలు సగం లెక్కేనని, మర్యాద, అవమానం అనే రెండు గడులు కలిస్తేనే లెక్క పూర్తవుతుందని మన పెద్దలు ఎన్నడో గీత గీసి పెట్టారు. పంచాంగకర్త ఆ గడులను ముందుగానే నింపి ఇస్తాడు. ఏడాది గడిచాక వాటిని ఎవరూ తిరిగి చూడరు. నిరుడు మన రాశికి అవమానం ఎంత పడిందో ఈ ఉగాదికి ఎంతమందికి గుర్తుంటుంది? అవే నాలుగు గడులను సంవత్సరం చివర ఖాళీగా గీసుకుని, జరిగినదాన్ని బట్టి మన చేత్తో మనమే నింపుకోవాలి. ఆత్మపరిశీలనకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఇంతవరకు కనిపించలేదు. ఒమాన్‌లోని సమాయిల్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడి మనుషులను చూసి, అందులోనూ ఒక మేస్త్రీని చూసి నేర్చుకున్నదిది.

సమాయిల్ మస్కట్ నుంచి నిజ్వా వెళ్లే దారిలో కొండల మధ్య ఉన్న ఊరు. హజర్ పర్వతాలను తూర్పు పడమరలుగా విడదీసే లోయ ఇదే. తీరం నుంచి దేశం లోపలికి పోయే వర్తకులు, ఒంటెల బిడారులు శతాబ్దాల తరబడి ఈ లోయ వెంటే నడిచారు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడున్నా ఈ ఊరి పేరు తెలుసు. సుమారు 9.5 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పుట్టిన శిల నేల మీదికి ఎక్కి కూచున్న చోటు ఇది. అలాంటి వాటిలో అతి పెద్దదానికి వాళ్లు పెట్టుకున్న పేరు సమాయిల్. గడ్డి పరక మొలవని ఆ ముదురు గోధుమరంగు గుట్టల కిందే ఖర్జూర తోటలు. ఇక్కడి ఫర్ద్ రకం ఖర్జూరం ఓడలెక్కి అమెరికా దాకా పోయిన రోజులున్నాయి. ఒమానీలలో మొట్టమొదట ఇస్లాం స్వీకరించిన మాజిన్ బిన్ గదూబా ఈ ఊరివాడే. ఆయన కట్టించాడని చెప్పుకునే మిద్మార్ మసీదు ఇక్కడ ఉంది.

కొన్నేళ్లుగా మన ఉగాది, వీళ్ల ఈద్ ఒకే అమావాస్యను ఆనుకుని వస్తున్నాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఇక్కడ ఈద్ మర్నాడు. 2025లో ఉగాది మార్చి 30న, మళ్లీ మర్నాడే ఈద్. ఈ పరాభవ ఉగాది కూడా రంజాన్ చివరి ఘడియల్లోనే వచ్చింది. రెండు పండుగలకూ నెలవంకే ఆధారం కనుక ఇలా కలుస్తాయి. మనం అధికమాసం వేసుకుంటాం, వాళ్లు వేసుకోరు కనుక మళ్లీ విడిపోతాయి. కలిసిన ఏళ్లలో మాత్రం ఊరంతా ఒక్కసారే లెక్కలు చూసుకుంటున్నట్టు ఉంటుంది. జకాత్ ఇవ్వాలంటే వ్యాపారి తన సరుకు, నగదు, రావలసిన బాకీలు అన్నీ కూడుకోవాలి. ఒక చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో నిలిచిన సంపదలో 2.5 శాతం తనది కాదు, పేదవాళ్లది. ఎప్పుడు ఇవ్వాలన్నది ఎవరి సంవత్సరాన్ని బట్టి వాళ్లకు ఉన్నా, చాలామంది ఆ లెక్కను రంజాన్‌లోనే కట్టుకుంటారు. నేను సరుకులు తెచ్చుకునే అంగడి పెద్దాయన ఆ రోజుల్లో అరల ముందు నిలబడి బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు తానే లెక్కపెట్టుకుంటాడు. కొడుకులు కంప్యూటర్‌లో ఉందన్నా వినడు.

డబ్బు లెక్కతో పాటు నడవడి లెక్క కూడా చూసుకోవాలన్న ఆలోచన వీళ్ల సంప్రదాయంలో చాలా పాతది. దాన్ని ముహాసబా అంటారు. బస్రాలో పుట్టి 857లో బాగ్దాద్‌లో కన్నుమూసిన అల్ హారిస్ అనే సాధువు తన మనసును అంత నిక్కచ్చిగా తనిఖీ చేసుకునేవాడట. ఆ అలవాటే ఆయనకు అల్ ముహాసిబీ అన్న పేరు తెచ్చింది. ఒమాన్ మత సంప్రదాయానికీ బస్రాయే పుట్టిల్లు. అంగడి పెద్దాయన అల్ ముహాసిబీని చదివాడో లేదో నేను అడగలేదు. బస్తాల లెక్క అయ్యాక, ఆ ఏడాది తాను ఎవరికి అరువు లేదన్నాడో గుర్తు తెచ్చుకుంటూ కాసేపు మౌనంగా కూచోవడం మాత్రం చూశాను.

గల్ఫ్‌లో ఉండే మన తెలుగువాళ్లకు లెక్కలు రావని ఎవరూ అనలేరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లైనా, కోనసీమ, కడప నుంచి వచ్చినవాళ్లైనా రియాలుకు ఇవాళ ఎన్ని రూపాయలో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఏజెంటుకు కట్టిన అప్పు ఎంత తీరింది, ఊళ్లో ఇంటి స్లాబుకు ఎంత పంపాం, చెల్లెలి పెళ్లికి ఇంకా ఎంత కావాలి, ఇవన్నీ నోటి మీద ఉంటాయి. 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి 30 రోజుల సెలవు, పని మానేసి పోయేనాటికి ఏడాదికి ఒక నెల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తాయన్నదీ తెలుసు. కంపెనీలో లెక్కలు చూసేవాణ్ని కనుక ఈ గ్రాట్యుటీ ఎంతవుతుందని నన్ను అడగని మనిషి లేడు.

నాకు బాధ కలిగించేది మరొకటి. ఈ మనుషులు తమ బతుకు మొత్తాన్ని రెండు గడుల్లోనే ఇరికించుకుంటున్నారు. ఏడాది బాగా గడిచిందా అంటే బాగా పంపామా లేదా అన్నదే జవాబు. ఎక్కువ పంపితే మంచి ఏడాది, తక్కువ పంపితే చెడ్డ ఏడాది. పదేళ్లు, పదిహేనేళ్లు ఇలా గడిచాక మనిషి ఊరికి తిరిగి వెళ్తాడు. ఇల్లు ఉంటుంది. అప్పు ఉండదు. కానీ ఆ పదిహేనేళ్లలో తాను ఎలాంటి మనిషిగా మారాడో ఆయనకే తెలియదు. భార్యకూ పిల్లలకూ అసలే తెలియదు. ఆయన పంపిన డబ్బు వాళ్లకు తెలుసు, ఆయన పడిన మాటలు తెలియవు. ఆయన అన్న మాటలు మరీ తెలియవు. ఇక్కడ సైట్లలో ఒకరి కింద ఒకరు పని చేస్తారు. ఏ దేశం నుంచి వచ్చావన్నదాన్ని బట్టి మాట తీరు మారుతుంది. పైవాడు తిట్టినది కిందవాడి మీదికి జారుతుంది. ఆ జారుడులో మన తెలుగువాడు ఒక మెట్టు పైనా ఉంటాడు, ఒక మెట్టు కిందా ఉంటాడు.

మేస్త్రీ సంగతి ఇక్కడే చెప్పాలి. జగిత్యాల వైపు మనిషి. మోత కూలీగా వచ్చి, ఇటుక పని నేర్చి, ఇప్పుడు కొంతమంది మీద పెద్దగా ఉన్నాడు. చదువు ప్రాథమిక పాఠశాలతో ఆగింది. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది కదా, ఆ విరామంలో అందరూ నడుం వాల్చితే ఆయన సిమెంటు కంపెనీవాళ్లు ఇచ్చిన డైరీ తెరుచుకుని కూచునేవాడు. కూలీల హాజరు అనుకున్నాను చాలాకాలం.

ఒకసారి జీతాల కాగితాలు పట్టుకుని వెళ్లినప్పుడు అడిగాను. "ఏంటన్నా, అప్పుల లెక్కా?"

"పైసల లెక్క ఫోన్ల ఉంటది తమ్మీ. ఇది నోటి లెక్క."

డైరీ నా చేతికిచ్చాడు. ఒక్కో పేజీలో ఒక పేరు, తేదీ, ఒక ముక్క. ఫలానా సిల్హెట్ పిల్లవాణ్ని అందరి ముందు తిట్టిన. ఫలానా ఆయన గోడ మంచిగ కట్టిండు, మంచిగున్నదని అనలే. పాకిస్తానీ డ్రైవర్ నా కోసం రాత్రి దవాఖానకు బండి తీసిండు. ఇంజనీరు సార్ నన్ను గాడిద అన్నడు. ఇలా.

దీని పుట్టుక ఆయన భార్య నోట్లో ఉంది. ఒక ఉగాది నాడు ఫోన్‌లో మాట్లాడుతూ ఆమె పంచాంగం చూసి, "ఈసారి నీ రాశికి అవమానం ఐదున్నదట, జర పైలం" అన్నదట. ఈయనకు అది గుచ్చుకుంది. ఎవరెవరు తనను అవమానిస్తారో చూద్దామని డైరీ మొదలుపెట్టాడు. రెండు మూడు నెలలు గడిచాక వెనక్కి తిప్పి చూస్తే తనకు జరిగినవి కొన్నే ఉన్నాయి. తాను చేసినవి రాయడం మొదలుపెడితే మాత్రం పేజీలు చాల్లేదు.

"తిట్టు తిన్నోనికి యాదుంటది తమ్మీ. తిట్టినోనికుండదు. గందుకే రాసుకుంటున్న."

గల్ఫ్‌కు వచ్చాక నేను విన్న మాటల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. అవమానం గడిని మనం ఎప్పుడూ మనకు జరిగే నష్టంగానే చదువుతాం. ఆయన దాన్ని తిరగేసి చదివాడు. తన వల్ల ఇంకొకరికి ఎంత అవమానం జరిగిందో అదే తన గడిలో పడాల్సిన అంకె అనుకున్నాడు. రాజపూజ్యం కూడా అంతే. తనకు ఎవరు సలాం కొట్టారన్నది కాక, మర్యాదకు తగినవాళ్లలో తాను ఎవరికి మర్యాద చేశాడు, ఎవరికి ఎగ్గొట్టాడు అన్నది రాసుకున్నాడు. డ్రైవర్ పేరు ఆ గడిలోదే.

ఉగాదికి ముందు వచ్చే శుక్రవారం ఆయన డైరీ మొత్తం చదువుతాడు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. చదివాక ఒక కాగితం మీద నాలుగు గడులు గీస్తాడు. ఆదాయం గడిలో రియాళ్లు రాయడు. ఆ ఏడాది చేతికి వచ్చిన పని రాస్తాడు. డ్రాయింగ్ చూసి కొలతలు తీయడం వచ్చింది. అరబ్బీ అంకెలు చదవడం వచ్చింది. రసమట్టం మీద ఆధారపడకుండా కంటితో వంకర పట్టడం వచ్చింది. ఒక ఏడాది లైసెన్సు కోసం పీపాల మధ్య బండి వెనక్కి తిప్పే పరీక్ష గట్టెక్కడం వచ్చిందని రాసుకున్నాడు. వ్యయం గడిలో తాను ఇంటి దగ్గర లేని సందర్భాలు ఉంటాయి. మేనకోడలి పెళ్లి. అయ్య సంవత్సరీకం. చిన్నబిడ్డ బడిలో మొదటి రోజు. వాటి ఎదురుగా ఏమీ రాయడు. రాయకపోయినా ఆ గడి నిండాక ఎదురుగా ఉన్న ఆదాయం గడిని చూసి, ఇంత పోయినదానికి ఇంతేనా వచ్చింది అని తనను తాను అడుగుతాడట. కూలీగా వచ్చిన మనిషి మేస్త్రీ ఎలా అయ్యాడో ఆ ప్రశ్న దగ్గర నాకు అర్థమైంది. ఇంటి పెళ్లిని వదులుకుని ఇక్కడ ఉన్న ఏడాదిలో కొత్త పని ఒకటైనా నేర్వకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

తర్వాతి పని కష్టమైనది. అవమానం గడిలో ఉన్న పేర్లలో ఇంకా దగ్గరే ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తాడు. కంపెనీ మారిపోయినవాళ్లకు ఫోన్ చేస్తాడు. పెద్దగా ఏమీ మాట్లాడడు. "ఆ రోజు నేనన్నది తప్పు భాయ్" అని హిందీలో ఒక మాట. కొందరు నవ్వేస్తారు. కొందరు ఎప్పటి సంగతో గుర్తే లేదంటారు. ఆ సిల్హెట్ పిల్లవాడు మాత్రం గుర్తుంది అన్నాడట. తేదీ కూడా చెప్పాడట. డైరీలో ఉన్న తేదీ అదే.

ఈ డైరీలో అసలు బలం ఎక్కడుందో చెప్పాలి. అది ఏడాది చివర రాసింది కాదు, ఏ రోజుది ఆ రోజు రాసింది. డిసెంబరు నెలాఖరున, లేదా ఉగాది ముందు, ఒక చోట కూచుని ఈ ఏడాది ఎలా గడిచింది అని ఆలోచించమని చాలామంది సలహా ఇస్తారు. మంచిదే. కానీ ఉత్త జ్ఞాపకాన్ని నమ్ముకుని కూచుంటే అది మనకు ఇష్టమైన కథే చెప్తుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పెకింగ్, మాస్కో పర్యటనలకు వెళ్లబోతుండగా బారుక్ ఫిషాఫ్, రూత్ బెయ్త్ అనే పరిశోధకులు కొందరిని అడిగారు. ఈ పర్యటనల్లో ఫలానాది జరగడానికి ఎంత అవకాశం ఉందనుకుంటున్నారు అని. పర్యటనలు అయ్యాక, అప్పుడు మీరు ఏమన్నారో గుర్తు తెచ్చుకుని చెప్పండి అన్నారు. జరిగిన వాటి విషయంలో, తాము మొదట చెప్పినదానికంటే ఎక్కువ నమ్మకంగా చెప్పినట్టు జనం గుర్తు పెట్టుకున్నారు. ఈ ఫలితాలు 1975లో అచ్చయ్యాయి. జరిగిపోయాక అంతా మనకు ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. అలా అనిపించిన చోట నేర్చుకోవడం ఆగిపోతుంది. ముందే తెలిసిన సంగతిలో ఇంక నేర్చుకునేది ఏముంటుంది?

మన రెవెన్యూ లెక్కల్లో ఈ బలహీనతకు మందు ఉండేది. మా తాతగారు కరణీకం చేశారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా ఊరి లెక్కలన్నీ కరణం చేతిలోనే ఉండేవి. ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఏడాదికొకసారి జమాబందీ జరిగేది. పై అధికారి ముందు ఊరి లెక్కలన్నీ పరిచి, పద్దు పద్దుకీ జవాబు చెప్పాలి. అయితే జమాబందీ రోజున కరణం కొత్తగా ఏదీ గుర్తు తెచ్చుకుని రాయకూడదు. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేశారు, నీరు ఎక్కడిది, సాగు ఎవరిది అన్నది అడంగల్లో నెలనెలా ఎక్కాలి. అది సరిగ్గా ఎక్కిందో లేదో పొలం గట్టు మీద నిలబడి చూడడానికి అజమాయిషీ ఉండేది. పైరు కోసేశాక పొలం చూస్తే ఏం తెలుస్తుంది, పైరు నిలబడి ఉండగా రాసిందే లెక్క అని తాతగారు అనేవారు. ఆ వ్యవస్థలో అన్యాయాలు లేవని నేననను. ఊళ్లో బక్కరైతుకు కరణం కలమంటే ఎందుకు భయమో నాకు తెలుసు. కానీ సంవత్సరాంతపు తనిఖీకి నెలనెలా రాత ఆధారంగా ఉండాలన్న ఆ క్రమం మాత్రం గట్టిది. మేస్త్రీ డైరీ ఆయన అడంగల్. ఉగాది ముందు శుక్రవారం ఆయన జమాబందీ.

దీనికి ఇంకొక మెట్టు పీటర్ డ్రకర్ చెప్పాడు. నిర్వహణ శాస్త్రం మీద ఎన్నో పుస్తకాలు రాసిన ఈ పెద్దమనిషి 1999లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 'మేనేజింగ్ వన్‌సెల్ఫ్' అని ఒక వ్యాసం రాశాడు. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా దానివల్ల ఏం జరుగుతుందని అనుకుంటున్నారో రాసి పెట్టుకోండి, తొమ్మిది పన్నెండు నెలలయ్యాక జరిగినదాన్ని దానితో పోల్చి చూడండి అన్నది అందులోని ఉపాయం. తాను అలా చేస్తున్నానని చెప్పాడు. ఈ అలవాటును క్రైస్తవ సంస్కర్త కాల్విన్, జెసూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా తమ తమ అనుచరులకు నేర్పారని కూడా రాశాడు. ఆ వ్యాసం చదివాకే నేను కొత్త సంవత్సరం మొదట్లో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. కోరికలు రాయడం వేరు, అంచనాలు రాయడం వేరు. ఈ ఏడాది అరబ్బీ నేర్చుకోవాలి అన్నది కోరిక. సాయంత్రం రోజూ ఒక అరగంట కేటాయిస్తే వచ్చే ఉగాదికి అంగడి పెద్దాయనతో హిందీ ముక్క లేకుండా సరుకు బేరం చేయగలను అన్నది అంచనా. కోరికను ఏడాది చివర ఎవరూ తప్పు పట్టలేరు. అంచనాను పట్టవచ్చు. అందుకే అంచనాలు రాయడానికి చెయ్యి వెనకాడుతుంది.

కంపెనీలు ఏటా చేసే పనితీరు సమీక్ష ఈ పని చేస్తుందనుకునేవాళ్లు ఉన్నారు. చేయదు. అది జీతం పెంచాలా వద్దా అని కంపెనీ తన అవసరానికి చేసుకునే లెక్క. అందులో మనిషి తన లోపం నిజాయితీగా రాసుకుంటే జీతానికి ఎసరు కనుక రాయడు. అడోబీ సంస్థ 2012లోనే ఈ వార్షిక సమీక్ష తీసేసి, ఏడాది పొడుగునా మాట్లాడుకునే పద్ధతి పెట్టుకుంది. ఆ ఫారం నింపడం ఉద్యోగ ధర్మం, నింపుదాం. మన నాలుగు గడుల కాగితం మాత్రం ఏ అధికారీ అడగనిది కావాలి.

సమయం ఎక్కడ దొరుకుతుంది అన్నది అందరూ వేసే ప్రశ్న. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాణ్ని డైరీ రాయమనడం సులువా? కాదు. దీనికి జవాబు నాకు సమాయిల్ తోటల్లో దొరికింది. ఇక్కడ తోటలకు నీరు ఫలజ్ అనే కాలువ ద్వారా వస్తుంది. ఒమాన్‌లో ఇలాంటివి సుమారు 3,000 ఇంకా పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పొరుగున ఇజ్కీలో ఉన్న ఫలజ్ అల్ మల్కి ఆ అయిదింటిలో ఒకటి. ఫలజ్ నీటిని లీటర్లలో కొలవరు, కాలంలో కొలుస్తారు. ఒక అథర్ అంటే దాదాపు అరగంట నీరు. ఫలానా తోటకు ఇన్ని అథర్లు అని తరతరాలుగా హక్కులు ఉన్నాయి. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతులు మార్చేవారు. ఇప్పుడు చేతిగడియారం చాలు. వంతులు చూడడానికి అరీఫ్, మొత్తం బాధ్యతకు వకీల్, పద్దులకు ఒకరు, వేలం పాటకు దల్లాల్ ఉంటారు.

వేలం దేనికంటే, కొంత నీటి వంతు ఏ తోటదీ కాదు, ఫలజ్‌దే. ఆ వంతును వేలం వేసి, వచ్చిన డబ్బుతో పూడిక తీస్తారు, కూలిన అంచు కడతారు. ఎండలు ముదిరి తోటలన్నీ దాహంతో ఉన్న ఏడాది కూడా ఆ వంతును ఎవరూ ఉచితంగా మళ్లించుకోరు. ఇవాళ ఆ అరగంట నీరు తాగిన చెట్టు బాగానే ఉంటుంది, కానీ కాలువ పూడితే రేపు ఏ చెట్టుకూ నీరు ఉండదని వాళ్లకు తెలుసు. మన రోజులోనూ కంపెనీ వంతు ఉంది, ఇంటి వంతు ఉంది, అప్పు వంతు ఉంది. కాలువ వంతు ఒకటి తీసి పెట్టాలి. నెలకు ఒక అథర్ చాలు. ఏడాదికొకసారి శుక్రవారం పూట మూడు నాలుగు అథర్లు. ఈ వంతును ఏ ఏడాది ఎవరికి ఇచ్చేసినా, దాని లోటు ఆ ఏడాది కనపడదు. అందుకే ఇచ్చేయడం అంత తేలిక.

ఒంటరిగా కూచోవడం కంటే ఇంకొకరితో కూచోవడం మేలని కూడా నాకు అనిపిస్తోంది. ఒంటరిగా కూచున్న మనసు రెండు పనులే చేస్తుంది. తనను పూర్తిగా వదిలేస్తుంది, లేదా పూర్తిగా ఉతికేస్తుంది. గల్ఫ్‌లో రెండోది ప్రమాదకరం. ఇంటికి దూరంగా, ఎనిమిది మంది పడుకునే గదిలో, ఫోన్ వెలుగులో తన జీవితం మొత్తం దండగ అని తీర్మానించుకున్న మనిషిని అక్కడి నుంచి లాగడం కష్టం. ఎదురుగా ఇంకొక మనిషి కాగితం పట్టుకుని కూచుంటే ఆ తీర్మానానికి అడ్డు పడతాడు. "అది నీ తప్పు కాదు, ఆ నెల జీతాలే ఆలస్యమైనయ్" అని గుర్తు చేస్తాడు. తేలిగ్గా వదిలేస్తుంటే, "మరి ఆ పిల్లగాని సంగతేంది?" అనీ అడుగుతాడు. ఆ మనిషి అధికారి కాకూడదు, బంధువు కాకపోయినా ఫరవాలేదు. మన ఏడాదిని పక్కన ఉండి చూసినవాడైతే చాలు.

ఈసారి మేస్త్రీ, నేను కలిసే కూచున్నాం, ఉపవాసం ఉన్నవాళ్ల ఎదుట టీ తాగడం బాగుండదని ఆయన గదిలోనే. పాత కాగితాలు చదువుకున్నాక కొత్త అంచనాలు రాసుకున్నాం. నేను మూడు రాశాను. ఆయన ఒకటే రాశాడు. వచ్చే ఉగాదికి ఆ సిల్హెట్ పిల్లవాడు మూలమట్టం, తూకం గుండు పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా గోడ లేపాలి, లేకపోతే అది నా తప్పు అని. ఆదాయం గడిలో తన పేరు బదులు ఇంకొకరి పని వేసుకోవచ్చా అని నేనడిగితే, "మేస్త్రీకి ఇంకేం ఆదాయముంటది తమ్మీ" అన్నాడు. కాగితాలు ఒకరివి ఒకరం తీసుకుని కవర్లో పెట్టి అంటించాం. తెరిచేది ప్లవంగ ఉగాదికి, 2027 ఏప్రిల్ 7న.

అధిక జ్యేష్ఠం ఉంది కనుక ఈ లెక్కకు పదమూడు నెలలు. మే 17 నుంచి జూన్ 15 దాకా ఉన్న ఆ ఎక్కువ నెలను ఏ గడిలో వేయాలని ఆయన అడిగాడు. వ్యయం గడి తగ్గించడానికి వాడుకోమన్నాను. ఆయన సెలవు దరఖాస్తు రాసి ఉంచాడు, తేదీలు ఇంకా వేయలేదు. డైరీ కింద నుంచి తీసి, ఆ తేదీలు నన్నే వేయమని పెన్ను ఇచ్చాడు.